రాజీనామా రాసే ముందు.. రాసిపెట్టుకోండి!

* పని చోట వివక్షకు నోటిమాట ఒక్కటే చాలదు
* ఒక్కో అన్యాయానికి ఒక్కో చట్టం.. ఒక్కో గడప
* గడువు దాటితే చేతిలో ఎన్ని కాగితాలున్నా చిక్కే

వైట్‌ఫీల్డ్: తెల్లారి కుప్పం, బంగారుపేట వైపు నుంచి వచ్చే రైలు ఆగిందంటే చాలు.. వైట్‌ఫీల్డ్ స్టేషన్ ప్లాట్‌ఫారం నిండిపోతుంది. మెడలో ట్యాగులతో ఇంజినీర్లు, యూనిఫాం సంచిలో మడిచి పెట్టుకున్న సెక్యూరిటీ గార్డులు, టిఫిన్ డబ్బా పట్టుకున్న హౌస్‌కీపింగ్ ఆడవాళ్లు. కన్నడం, తమిళం మధ్య తెలుగు మాట గట్టిగానే వినిపిస్తుంది. అక్కడి నుంచి ఐటీపీఎల్ దారిలో ఎవరి గేటు వారిది. ఎవరి జీతం వారిది. కానీ జీతం ఎంతైనా, ట్యాగు ఏ రంగుదైనా కొందరిని వెంటాడే ప్రశ్న ఒకటే.. 'నాకొక్కరికే ఎందుకిలా?'

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఓ ఉద్యోగిని ఆరేళ్లుగా ఒకే కంపెనీలో పని చేస్తోంది. ప్రతి ఏటా మంచి రేటింగే. కాన్పు సెలవు ముగించుకుని వచ్చేసరికి ఆమె ప్రాజెక్టు ఇంకొకరి చేతికి వెళ్లింది. 'కొన్నాళ్లు బెంచ్ మీద ఉండమ్మా' అన్నారు. ఆ ఏడాది రేటింగ్ అట్టడుగుకు పడింది. తర్వాత 'పనితీరు మెరుగుదల' పేరుతో రెండు నెలల పరీక్ష. చివరికి ఓ సాయంత్రం చిన్న గదిలోకి పిలిచారు. 'నువ్వే రాజీనామా ఇచ్చేయమ్మా.. రిలీవింగ్ లెటర్ బాగా రాసిస్తాం. లేదంటే తీసేశామని రాయాల్సి వస్తుంది.' ఏడుస్తూ సంతకం పెట్టేసింది. ఇంటికొచ్చాక భర్త అడిగాడు.. 'వాళ్లు అలా అన్నట్టు నీ దగ్గర కాగితం ఏదైనా ఉందా?'

లేదు. అక్కడే కేసు సగం పోయింది.

పని చోట వివక్ష జరిగిందని అనిపించడం వేరు.. జరిగిందని నిరూపించడం వేరు. ఆ రెండింటి మధ్య దూరాన్ని పూడ్చేది కాగితమే. అది ఉద్యోగంలో ఉన్నప్పుడే పోగవ్వాలి. గేటు దాటి బయటకొచ్చాక, కంపెనీ మెయిల్ మూసేశాక వెతికితే దొరకదు.

అన్యాయమంతా వివక్ష కాదు

ముందు ఒక విషయం తేల్చుకోవాలి. అందరినీ తిట్టే మేనేజరు చెడ్డవాడు కావచ్చు గానీ, వివక్ష చూపినట్టు కాదు. అందరికీ రాత్రి షిఫ్టు వేసి మీకూ వేస్తే అది కష్టమే, వివక్ష కాదు. ఆడవాళ్లనో, గర్భిణులనో, వికలాంగులనో, ఒక కులం వారినో వేరు చేసి, ఆ కారణంగానే జీతమో, పనో, పదోన్నతో తగ్గిస్తే అది వివక్ష.

ఈ 'కారణంగానే' అన్న మాటను నిరూపించడమే అసలు పరీక్ష. ఏ యాజమాన్యమూ 'నువ్వు గర్భిణివి కాబట్టి తీసేస్తున్నాం' అని రాసివ్వదు. అందుకే పరిస్థితులను బట్టి నిరూపించాలి. అమెరికాలో 1973లో మెక్‌డొనెల్ డగ్లస్ విమాన కంపెనీ కేసులో అక్కడి సుప్రీంకోర్టు ఇందుకొక మెట్ల వరుస చూపింది. మొదట ఉద్యోగి ప్రాథమికంగా నాలుగు విషయాలు చూపాలి. తర్వాత యాజమాన్యం తన కారణం చెప్పాలి. ఆ కారణం సాకు మాత్రమేనని మళ్లీ ఉద్యోగి చూపాలి. మన దేశంలో కోర్టులు ఇదే వరుసను పాటించాలని లేదు. అయినా ఫిర్యాదు రాసుకునేవారు తమను తాము వేసుకోవాల్సిన ప్రశ్నలు దాదాపు ఇవే..

* చట్టం కాపాడే వర్గంలో నేను ఉన్నానా? (స్త్రీ, గర్భిణి, వికలాంగులు, ఎస్సీ, ఎస్టీ..)
* అప్పటి వరకు నా పని బాగానే ఉందని కాగితం మీద ఉందా?
* నాకు జరిగిన నష్టం ఏమిటి? ఏ తేదీన?
* నాలాంటి పనే చేస్తున్న మరొకరికి ఇలా జరగలేదని చూపగలనా?

నాలుగో ప్రశ్నే కీలకం. పోల్చి చూపడానికి పక్క మనిషి లేకపోతే చాలా ఫిర్యాదులు నీరుగారిపోతాయి. 2016లో జగ్జీత్ సింగ్ కేసులో తాత్కాలిక ఉద్యోగుల సమాన వేతనంపై తీర్పిస్తూ సుప్రీంకోర్టు ఈ మాటే చెప్పింది. ఇద్దరి పనీ ఒకటేనని నిరూపించే బాధ్యత అడిగినవారిదే.

గెలిచిన స్టెనోగ్రాఫర్

నిరూపించడం ఎలాగో తెలియాలంటే ముంబైలో మొదలైన ఆడ్రీ డికోస్టా కేసు చూడాలి. ఆమె మెకినన్ మెకెంజీ అనే కంపెనీలో స్టెనోగ్రాఫర్. అధికారుల దగ్గర పని చేసే 'కాన్ఫిడెన్షియల్ లేడీ స్టెనో'. 1977 జూన్‌లో ఆమె ఉద్యోగం పోయింది. మగ స్టెనోలకు తనకన్నా ఎక్కువ జీతం ఇచ్చారంటూ 1976 నాటి సమాన వేతన చట్టం కింద ఫిర్యాదు చేసింది.

కంపెనీ మూడు మాటలు చెప్పింది. లేడీ స్టెనోలది వేరే వర్గం అంది. యూనియన్‌తో చేసుకున్న ఒప్పందం ప్రకారమే జీతాలు ఇచ్చామంది. అందరికీ సమానంగా ఇచ్చే స్తోమత లేదంది. తొలి దశలో ఫిర్యాదు నిలవలేదు. ఇద్దరి పనీ ఒకటేనని ఒప్పుకొన్న అధికారి, ఒప్పందం ఉంది కదా అని తోసిపుచ్చారు. అప్పీలులో ఆమె గెలిచింది. కంపెనీ హైకోర్టుకు వెళ్లింది, ఓడింది. సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1987 మార్చిలో కర్ణాటకకు చెందిన జస్టిస్ ఇ.ఎస్. వెంకటరామయ్య ధర్మాసనం అక్కడా కంపెనీకే చుక్కెదురు చేసింది.

తీర్పు సారం సామాన్యుడికీ అర్థమయ్యేదే. పదవి పేరు కాదు, చేసే పని చూడాలి. చిన్న చిన్న తేడాలు పట్టించుకోనక్కర్లేదు. ఆడవాళ్లకు తక్కువ ఇచ్చేలా ఒప్పందం చేసుకుంటే అది చట్టం ముందు చెల్లదు. డబ్బు లేదనడం సాకు కాదు. చివరికి ఆమెకు రావాల్సిన తేడా ఏడు వేల పైచిలుకు రూపాయలే. పట్టిన కాలం దాదాపు పదేళ్లు. కానీ ఆ తీర్పు ఇవాళ్టికీ ఉద్యోగినుల చేతిలో ఆయుధమే.

వైట్‌ఫీల్డ్ ఉద్యోగులకు ఇందులో పాఠం ఉంది. 'సీనియర్ అసోసియేట్', 'లీడ్ అసోసియేట్' అని పేర్లు మార్చినంత మాత్రాన పని మారదు. ఇద్దరూ రోజూ ఏం చేస్తున్నారో చూపే టాస్కు జాబితాలు, టికెట్లు, మెయిళ్లే అసలు సాక్ష్యం.

ఇవి దాచుకోండి

* అపాయింట్‌మెంట్ లెటర్, జీతం చీట్లు, ఇంక్రిమెంట్ లేఖలు. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్‌ల ప్రకారం నియామక పత్రం, జీతం చీటీ ఇవ్వడం యాజమాన్యం బాధ్యత. ఇవ్వకపోతే రాతపూర్వకంగా అడగాలి. అడిగిన మెయిల్ కూడా సాక్ష్యమే.

* గత మూడు నాలుగేళ్ల రేటింగులు, మెచ్చుకుంటూ వచ్చిన మెయిళ్లు. నిన్నటిదాకా మెచ్చుకున్నవారే గర్భం సంగతి చెప్పిన నెలలో 'పనికిరావు' అంటే.. ఆ తేదీలే మాట్లాడతాయి.

* తేదీల పుస్తకం. ఎవరు, ఎప్పుడు, ఎక్కడ, ఏమన్నారు, పక్కన ఎవరున్నారు. ఆ రోజు రాత్రే రాయాలి. ఆరు నెలల తర్వాత ఒకేసారి కూర్చుని రాసినదానికి విలువ తక్కువ.

* నోటిమాటను కాగితం మీదకు తెచ్చే మెయిల్. మీటింగ్ అయిన వెంటనే మర్యాదగా ఇలా రాయవచ్చు.. 'సార్, ఈ రోజు సాయంత్రం 4 గంటలకు మీరు నన్ను రాజీనామా చేయమన్నారు. చేయకపోతే తొలగిస్తామన్నారు. కారణం చెప్పలేదు. నేను విన్నదాంట్లో పొరపాటు ఉంటే దయచేసి తెలియజేయండి.' బదులు వచ్చినా సాక్ష్యమే, రాకపోయినా సాక్ష్యమే.

* చాటింగులు, వాట్సప్ సందేశాలు. స్క్రీన్‌షాట్ తీసి ఫోన్ మార్చేస్తే ఇబ్బంది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమంలోని 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి సర్టిఫికెట్ జత చేయాలి. కార్మిక న్యాయస్థానాల్లో పట్టింపు కాస్త తక్కువే అయినా అసలు సందేశం ఉన్న ఫోన్‌ను భద్రంగా ఉంచుకోవడం మేలు.

ఒక హెచ్చరిక కూడా ఉంది. కోపంలో కంపెనీ ఫైళ్లు, కస్టమర్ల వివరాలు, ప్రోగ్రాం కోడ్ సొంత మెయిల్‌కు పంపుకోకూడదు. 'సమాచారం దొంగిలించింది' అంటూ అదే సాకుగా తీసేస్తారు. అప్పుడు వివక్ష సంగతి పక్కకు పోయి దొంగతనం కేసు ముందుకొస్తుంది. మీ జీతం, మీ రేటింగు, మీకు వచ్చిన హెచ్చరిక.. మీకు సంబంధించినవి చాలు. మిగతావి ఏ తేదీన ఏ మెయిల్‌లో ఉన్నాయో రాసిపెట్టుకుంటే తర్వాత అధికారే కంపెనీ నుంచి తెప్పించవచ్చు.

ఏ గడప ఎక్కాలి?

ప్రైవేటు ఉద్యోగాల్లో అన్ని రకాల వివక్షకూ కలిపి ఒకే చట్టం మన దేశంలో లేదు. రాజ్యాంగంలోని 16వ అధికరణం సర్కారు కొలువులకే. అందుకే 'నాకు అన్యాయం జరిగింది' అని ఊరికే రాస్తే ఏ ఆఫీసులోనూ కదలదు. ఏ చట్టం కింద అన్నది తేల్చుకోవాలి.

జీతంలో ఆడ, మగ తేడా: సమాన వేతన చట్టం స్థానంలో ఇప్పుడు 2019 నాటి వేతనాల కోడ్ ఉంది. ఒకే రకమైన పనికి లింగ భేదంతో జీతం తగ్గించకూడదు. నియామకంలోనూ తేడా చూపకూడదు. మేనేజర్లు, సూపర్‌వైజర్లకూ ఇది వర్తిస్తుంది. ఐటీ వారికి ఇదే పెద్ద ఊరట. నిర్ణీత అధికారి ముందు మూడేళ్లలోపు క్లెయిం వేయాలి. ఉద్యోగి గానీ, యూనియన్ గానీ వేయవచ్చు. బాకీతో పాటు దానికి పది రెట్ల వరకు పరిహారం వేసే అధికారం ఆ అధికారికి ఉంది. ఇంకో మంచి మాట.. జీతం ఇవ్వలేదనో తక్కువ ఇచ్చారనో క్లెయిం వస్తే, రావాల్సింది చెల్లించామని నిరూపించాల్సింది యాజమాన్యమే. ఇద్దరి పనీ ఒకటేనని చూపే భారం మాత్రం అడిగినవారి మీదే పడుతుందని గుర్తుంచుకోవాలి.

కాన్పు, గర్భం: 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టంలోని రక్షణలు ఇప్పుడు సామాజిక భద్రత కోడ్‌లో ఉన్నాయి. అంతకు ముందు పన్నెండు నెలల్లో 80 రోజులు పని చేసి ఉంటే చాలు. మొదటి ఇద్దరు పిల్లల వరకు 26 వారాల సెలవు. ఆ సెలవులో ఉండగా తీసేయడం, ఆ సెలవులోనే ముగిసేలా నోటీసు ఇవ్వడం, పని షరతులు నష్టం కలిగేలా మార్చడం చట్టవిరుద్ధం. తీసేస్తే 60 రోజుల్లోపు అప్పీలు చేసుకోవాలి. ఎల్‌ఐసీలో ప్రొబేషన్‌లో ఉన్న ఓ ఉద్యోగినిని, దరఖాస్తు ఫారంలో గర్భం వివరాలు దాచిందంటూ తీసేస్తే 1991లో సుప్రీంకోర్టు ఆమెను తిరిగి చేర్చుకోమంది. నెలసరి, గర్భం వివరాలు అడిగే గడులే తీసేయమని చెప్పింది. మూడు నెలలు దాటిన గర్భిణులను 'తాత్కాలికంగా అనర్హులు' అంటూ ఎస్‌బీఐ తెచ్చిన నిబంధనపై దుమారం రేగి, 2022 జనవరిలో బ్యాంకు వెనక్కి తగ్గింది.

లైంగిక వేధింపులు: 2013 చట్టం ప్రకారం పది మంది, అంతకు మించి పని చేసే చోట అంతర్గత కమిటీ ఉండాలి. బయటి సభ్యురాలు కూడా ఉండాలి. చివరి ఘటన జరిగిన మూడు నెలల్లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. తగిన కారణం ఉంటే మరో మూడు నెలలు పొడిగిస్తారు. రాయలేనివారికి రాసిపెట్టే బాధ్యత కమిటీదే. విచారణ 90 రోజుల్లో ముగించాలి. విచారణ జరుగుతుండగా బదిలీ గానీ, మూడు నెలల వరకు సెలవు గానీ అడగవచ్చు. పది మంది లేనిచోట, లేదా యజమాని మీదే ఫిర్యాదు అయితే జిల్లా స్థాయిలోని స్థానిక కమిటీకి వెళ్లాలి. నిరూపించలేకపోయినంత మాత్రాన తప్పుడు ఫిర్యాదు అనడానికి లేదని చట్టమే చెబుతోంది.

వైకల్యం: 2016 చట్టం వికలాంగులపై వివక్షను నిషేధించింది. 20 మంది, అంతకు మించి ఉన్న ప్రైవేటు సంస్థ కూడా తమ దగ్గర ఏయే వసతులు ఇస్తున్నదీ 'సమాన అవకాశాల విధానం'లో చెప్పాలి. ముందు ఆ విధానం కాపీ అడగండి. లేకపోతే అదే మొదటి ఫిర్యాదు. రాష్ట్ర వికలాంగుల కమిషనర్‌కు రాయవచ్చు.

కులం: కులం పేరుతో నలుగురిలో అవమానించడం, ఉద్యోగం చేసుకోకుండా అడ్డుకోవడం వంటివి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరాలు. ఇక్కడ కార్మిక శాఖ కాదు, పోలీస్ స్టేషన్. అయితే నాలుగు గోడల మధ్య ఎవరూ వినకుండా అన్న మాట 'నలుగురి ముందు' అన్న షరతు కిందకు రాదని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి విన్న సాక్షి ముఖ్యం. పైకి ఏమీ అనకుండా రేటింగులోనే కులం చూపితే పట్టుకోవడం ఇంకా కష్టం. అమెరికాలోనూ ఈ సంగతి చర్చకు వచ్చింది. 2023 ఫిబ్రవరిలో సియాటెల్ నగరం కుల వివక్షను నిషేధించింది. కాలిఫోర్నియాలో అలాంటి బిల్లును అదే ఏడాది అక్టోబరులో గవర్నర్ తిప్పి పంపారు.

హెచ్‌ఐవీ ఉన్నవారిని ఆ కారణంతో తీసేయకూడదని 2017 చట్టం చెబుతోంది. ఉద్యోగానికి హెచ్‌ఐవీ పరీక్షను షరతు చేయడానికీ వీల్లేదు. ట్రాన్స్‌జెండర్ ఉద్యోగుల కోసం ప్రతి సంస్థా ఫిర్యాదుల అధికారిని నియమించాలన్నది 2019 చట్టం.

'తెలుగోళ్లు కదా' అంటే?

సరిహద్దు దాటి వచ్చినవారిని కలవరపెట్టే ప్రశ్న ఇది. భాష, ప్రాంతం పేరుతో ప్రైవేటు కంపెనీలో పక్కన పెడితే నేరుగా అడిగే చట్టం లేదు. ఇది చేదు నిజం. అలాంటప్పుడు కంపెనీ సొంత ప్రవర్తనా నియమావళే దిక్కు. చాలా పెద్ద కంపెనీలు భాష, పుట్టిన చోటు ఆధారంగా తేడా చూపబోమని అందులో రాసుకుంటాయి. ఆ పేజీని జత చేసి హెచ్‌ఆర్‌కు, ఎథిక్స్ విభాగానికి ఫిర్యాదు ఇవ్వాలి.

2024 జులైలో కర్ణాటక మంత్రివర్గం ప్రైవేటులో మేనేజ్‌మెంట్ ఉద్యోగాల్లో 50 శాతం, మిగతా వాటిలో 70 శాతం స్థానికులకు అనే బిల్లును ఆమోదించింది. పరిశ్రమ వర్గాల నుంచి వ్యతిరేకత రావడంతో దాన్ని పక్కన పెట్టింది. అయితే ఇందులో ఇరుగు పొరుగును మాత్రమే అనడానికీ లేదు. ఆంధ్రప్రదేశ్ కూడా 2019లో పరిశ్రమల్లో 75 శాతం స్థానికులకేనని చట్టం చేసింది. హరియాణా తెచ్చిన ఇలాంటి చట్టాన్ని 2023 నవంబరులో అక్కడి హైకోర్టు కొట్టేసింది.

ఇంజినీరు 'కార్మికుడే'నా?

తీసేసినప్పుడు కార్మిక న్యాయస్థానానికి వెళ్లాలంటే మొదట ఎదురయ్యే గోడ ఇది. కార్మిక వివాదాల చట్టాలు 'కార్మికుడి'కే తలుపు తీస్తాయి. యాజమాన్యాల వాదన ఎప్పుడూ ఒకటే.. 'ఆయన మేనేజరు, కార్మికుడు కాదు' అని. ఇక్కడా డికోస్టా తీర్పు లాంటి మాటే వర్తిస్తుంది. హోదా పేరు కాదు, చేసే పని చూడాలి. చెన్నైలో కార్మిక న్యాయస్థానం సాఫ్ట్‌వేర్ ఉద్యోగులను కార్మికులుగా గుర్తించి, తిరిగి చేర్చుకోమన్న సందర్భాలున్నాయి. కింద ఎవరూ లేకుండా, సెలవు మంజూరు చేసే అధికారం కూడా లేకుండా కేవలం పేరులోనే 'మేనేజర్' ఉంటే ఆ సంగతి కాగితం మీద చూపాలి.

కర్ణాటకలో ఐటీ కంపెనీలకు 2014 నుంచి స్టాండింగ్ ఆర్డర్స్ చట్టం నుంచి మినహాయింపు ఇస్తూ వచ్చారు. 2024లో మరో ఐదేళ్లు పొడిగించారు. అయితే ఊరికే ఇవ్వలేదు. అంతర్గత కమిటీ ఉండాలి, ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండాలి, ఉద్యోగిని సస్పెండ్ చేసినా తొలగించినా కార్మిక శాఖకు తెలపాలి అని షరతులు పెట్టారు. 2025 నవంబరులో ఆ చట్టం స్థానంలోకి పారిశ్రామిక సంబంధాల కోడ్ వచ్చింది. దాని ప్రకారం 20 మంది కార్మికులున్న ప్రతి చోటా ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండాలి. ఏడాదిలోపు అక్కడ దరఖాస్తు ఇవ్వాలి, అది 30 రోజుల్లో తేల్చాలి. తొలగింపుపై రెండేళ్లలోపు ట్రైబ్యునల్‌కు వెళ్లాలి. పాత చట్టంలో మూడేళ్లు ఉండేది.. ఇప్పుడు తగ్గిందని గుర్తు పెట్టుకోవాలి. నిబంధనలు, అధికారుల హోదాలు మారుతున్న కాలం ఇది. అందుకే బన్నేరుఘట్ట రోడ్డులోని కార్మిక భవనంలో ఒకసారి అడిగి తెలుసుకున్నాకే దరఖాస్తు వేయడం మంచిది. ఐటీ ఉద్యోగులకు 2017లో ఏర్పడిన 'కిటు' అనే యూనియన్ కూడా ఉంది.

ట్యాగు లేనివారి మాట

అద్దాల మేడలను తుడిచేవారు, గేటు కాసేవారు, క్యాంటీన్‌లో వడ్డించేవారు కంపెనీ ఉద్యోగులు కారు. కాంట్రాక్టరు మనుషులు. వీరిలో చాలామందికి తమ కాంట్రాక్టరు అసలు పేరే తెలియదు. 'మేస్త్రీ పెట్టాడు సార్' అంటారు. ఫిర్యాదు రాయాలంటే ఎవరి మీద రాయాలి? అందుకే మూడు సంగతులు ముందే పట్టుకోవాలి. గేట్ పాస్ మీదున్న కాంట్రాక్టరు పేరు, పీఎఫ్ ఖాతా సంఖ్య, ఈఎస్ఐ సంఖ్య. జీతం బ్యాంకులో పడితే ఆ పాస్‌బుక్కు. లైంగిక వేధింపుల విషయంలో కాంట్రాక్టు మనిషి అయినా పని చేసే చోటి కమిటీకే ఫిర్యాదు ఇవ్వవచ్చు.

లాయరు ఖర్చుకు భయపడనక్కర్లేదు. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, వికలాంగులకు, పారిశ్రామిక కార్మికులకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు. నెలకు లక్ష జీతం తీసుకున్న ఇంజినీరమ్మకూ ఇది వర్తిస్తుంది. 15100 నంబరుకు ఫోన్ చేయవచ్చు.

ఫిర్యాదు చేశాక..

ఇచ్చిన మర్నాటి నుంచే చూపు మారుతుంది. టీ తాగేటప్పుడు పక్కన కూర్చునేవారు తగ్గుతారు. కొందరికి బదిలీ ఆర్డరు వస్తుంది. పంజాబ్ అండ్ సింధ్ బ్యాంకులో అవకతవకలు, వేధింపులపై ఫిర్యాదు చేసిన ఓ మహిళా మేనేజరును ఇండోర్ నుంచి దూరంగా బదిలీ చేస్తే, 2020 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ బదిలీని రద్దు చేసింది. 50 వేల రూపాయల ఖర్చులు కూడా ఇప్పించింది. ఫిర్యాదు తేదీ, బదిలీ తేదీ పక్కపక్కన పెడితే కక్ష కనిపిస్తుంది. అందుకే ఇచ్చిన ప్రతి కాగితానికీ తేదీతో సహా అందినట్టు ముద్ర వేయించుకోవాలి. మెయిల్ అయితే కాపీ ఉంచుకోవాలి.

రాజీనామా చేయమని ఒత్తిడి వస్తే వెంటనే సంతకం పెట్టనక్కర్లేదు. 'ఆలోచించుకుని రేపు చెబుతా' అనే హక్కు ఎవరికైనా ఉంటుంది. తప్పనిసరై రాస్తే 'వ్యక్తిగత కారణాలు' అని రాయకూడదు. జరిగింది జరిగినట్టు రాయాలి. 'నాకు రావాల్సినవన్నీ అందాయి, ఇక ఏ క్లెయిమూ లేదు' అన్న కాగితం చదవకుండా సంతకం చేస్తే ముందు దారి మూసుకుపోతుంది. ఉద్యోగం వదిలాక రెండు పని దినాల్లో జీతం లెక్క తేల్చాలన్నది వేతనాల కోడ్ మాట. అది ఆశ చూపి సంతకం అడిగితే లొంగనక్కర్లేదు.

క్యాలెండరు ఆగదు

గడువు ఎంత కఠినమో అమెరికాలో లిల్లీ లెడ్‌బెటర్ కథ చెబుతుంది. గుడ్‌ఇయర్ టైర్ల ఫ్యాక్టరీలో 1979 నుంచి దాదాపు ఇరవై ఏళ్లు పని చేసిందామె. మగ సూపర్‌వైజర్లకు తనకన్నా ఎక్కువ జీతమని చివర్లో ఎవరో రాసిపెట్టిన పేరులేని చీటీతో తెలిసింది. 2007లో అక్కడి సుప్రీంకోర్టు ఆమెకు ఏమీ రాదని తేల్చింది. వివక్ష జరిగిన 180 రోజుల్లో ఫిర్యాదు చేయలేదన్నదే కారణం. 2009 జనవరిలో ఆమె పేరుతోనే చట్టం మార్చారు. ఆమెకు మాత్రం పైసా రాలేదు.

మన దగ్గర గుర్తుంచుకోవాల్సినవి ఇవి..

* లైంగిక వేధింపులు: 3 నెలలు (కారణం చూపితే మరో 3)
* కాన్పు సెలవులో తొలగింపుపై అప్పీలు: 60 రోజులు
* ఫిర్యాదుల పరిష్కార కమిటీకి: ఏడాది
* తొలగింపుపై ట్రైబ్యునల్‌కు: 2 ఏళ్లు
* జీతం తేడా క్లెయిం: 3 ఏళ్లు

చిన్న కాగితం.. పెద్ద అండ

తెలుగు నేల మీది ఒక కేసుతో ముగిద్దాం. ఆర్టీసీలో 2014లో చేరిన ఓ డ్రైవరుకు రంగులు సరిగా కనిపించడం లేదని వైద్యులు తేల్చారు. 2016 జనవరిలో ఇంటికి పంపేశారు. వేరే పని ఇవ్వమని బతిమాలినా వినలేదు. హైకోర్టులో ఒకసారి గెలిచాడు, ఒకసారి ఓడాడు. చివరికి 2025 ఆగస్టు 1న సుప్రీంకోర్టు అతణ్ని తగిన ఉద్యోగంలోకి తీసుకోమంది. బకాయిల్లో 25 శాతం ఇవ్వమంది. అతణ్ని నిలబెట్టింది ఏమిటో తెలుసా? రంగులు కనిపించని డ్రైవర్లకు ప్రత్యామ్నాయ ఉద్యోగం ఇవ్వాలంటూ 1979 డిసెంబరులో సంస్థ, యూనియన్ రాసుకున్న ఒప్పందం. అతను ఉద్యోగంలో చేరడానికి ముప్పై అయిదేళ్ల ముందటి కాగితం!

తొమ్మిదేళ్లు కోర్టుల చుట్టూ తిరగడం అందరి వల్లా కాదు. ఈఎంఐలు ఉంటాయి, పిల్లల ఫీజులు ఉంటాయి, 'రేపు ఇంకో కంపెనీ వాళ్లు ఫోన్ చేసి అడిగితే?' అన్న భయం ఉంటుంది. పోరాడాలా, సర్దుకుని వెళ్లాలా అన్నది ఎవరికి వారు తేల్చుకోవాల్సిందే. అయితే చేతిలో కాగితం ఉన్నవారికి రెండు దారులుంటాయి. మాట్లాడుకుని మర్యాదగా బయటపడవచ్చు, లేదా పోరాడవచ్చు. కాగితం లేనివారికి ఉండేది ఒకే దారి.. గేటు దారి.

సాయంత్రం వైట్‌ఫీల్డ్ స్టేషన్ మళ్లీ నిండుతుంది. కుప్పం రైలు కోసం ఎదురుచూసే ఆ అరగంటలో పది లైన్లు రాసుకోవచ్చు. ఇవాళ ఏం జరిగింది, ఎవరు ఏమన్నారు, పక్కన ఎవరున్నారు. అవసరం రాకపోతే అంతకన్నా కావాల్సింది ఏముంది? వస్తే మాత్రం ఆ పది లైన్లే అండ.